దోసకాయ ముక్క

తోతాపురి సీజన్లో రాత్రి షిఫ్టు నాది.
గుజ్జు ఫ్యాక్టరీలో తొట్లు కడుగుతా.
కట్టమంచిలో పాల వ్యాన్లు తిరిగే వేళకి ఇల్లు చేరతా.
అప్పటికే మా మోక్షిత లేచి
పగిలిన చేపల తొట్టి ముందర గొంతుకూచ్చోని ఉంటాది.

అందులో దాని రోకలిబండ.
పోయినేటి వానల్లో బడి గోడ పక్కన దొరికింది.
జానెడు పొడుగు, నలుపు,
కొత్త బెల్టు తోలు మాదిరి మెరుస్తా ఉంటాది.
పేరు పెట్టలేదు.
"పేరెందుకు నాయనా, పిలిస్తే వస్తాదా?"

మొదట్లో మామిడి తొక్క వేస్తే మూడోనాటికి బూజు.
వాళ్లమ్మ తొట్టి ఎత్తి వీధిలో పారేస్తానని అరిచింది.
అప్పుడు తెచ్చింది ఈ పనోళ్లని.
తోటలో డ్రిప్పు పైపు కింద, కుళ్లిన ఆకుల్లో
బూడిదరంగు పురుగులు, పద్నాలుగు కాళ్లు,
ముట్టుకుంటే మిరియపు గింజంత ఉండ.
ఇంకా,
ఇస్త్రీ బండి గంగులప్ప ఇచ్చిన బొగ్గుల మీద
నాలుగు మెతుకులేసి పెంచిన తెల్ల నలుసులు,
ఊదితే ఎగురుతాయి.

వారానికి బూజు లేదు.
తొక్క లేదు, రోకలిబండ పెంటికలూ లేవు.
ఎక్కడికీ పోలేదంట. మన్నయిందంట.

అది మట్టిలోకి దిగి
ఈ పొద్దుకి ఇరవై రెండు రోజులు.
లోపల పాత చర్మం విడుస్తాదంట,
అప్పుడు వెన్న మాదిరి ఉంటాదంట.
తవ్వి చూడకూడదు.
"పనోళ్లకి ఆకలైతే దాన్నే కొరుకుతారు నాయనా.
వాళ్ల కడుపు నిండుగా ఉండల్ల."
అందుకని రోజూ ఒక దోసకాయ ముక్క,
అప్పుడప్పుడూ గుడ్డు పెంకు పొడి.

నాకు రెండు నెలల ఓవర్‌టైం రావల్ల.
సీజన్ అయిపోనీ అంటాండాడు మేస్త్రీ.
దానికి చెప్పలేదు ఈ సంగతి.

నిన్న మూత తీసి ముక్కు పెట్టినా.
కుళ్లు లేదు, తొలివాన మట్టి వాసన.
"బతికే ఉండాదిలే" అన్నా.
నా మొగం చూసి అనింది,
"చచ్చినా వాసన రాదు నాయనా.
వాళ్ల పనే అది గదా."

ఈ పొద్దు స్పెషల్ క్లాసంట, నేనొచ్చేలోగా పోయింది.
ఇంట్లో నేనూ, తొట్టీ.
చేతులకి పులిసిన గుజ్జు వాసన,
మూడుసార్లు సబ్బేసి కడిగినా.
దోసకాయ కోసినా.
చేదేమోనని
ఒక కొస కొరికి చూసి
మిగతాది మెల్లగా మట్టి మీద పెట్టినా.