చెవిరాయి

బాహుదా మొగలో నీరు ఈ పూట
ఎటు పోవాలో ఇంకా తేల్చుకోలేదు.
మోకాటిలోతు బురదలో నేను,
వల రెండో కొస పట్టుకుని సూరాడ దండాసి.
నూరడుగులు ఈడ్చి ఒడ్డుకి తెస్తే
గుప్పెడు మెరుపు.
కొయ్యింగ పిల్లలు, కనుగుడ్డు తప్ప ఒళ్ళంతా నీళ్ళే.
ఒకే ఒక్క పండుగప్ప, వడ్లగింజంత,
అప్పుడే నుదుట చార దిద్దుకుంటోంది.

ఆవలి పాయలో గురువులమ్మ
దోమతెరని వలగా లాగుతోంది.
సత్తుపళ్ళెంలో నీళ్ళు పోసి
ఆల్చిప్పతో ఏరుతుంది టైగర్ రొయ్యపిల్లల్ని.
వందకో గులకరాయి.
మిగిలినదంతా ఇసకమీదికి ఒక్క విసురు.
మిగిలినదంతా అంటే
నా నోటుబుక్కులో నలభై పేర్లు.

నేనేమీ అనలేదు.
చెరువులవాడు వారంవారం సొమ్మిస్తాడట.
ఆమె మగడి బోటు ఏమైందో
అడగడానికి నాకు నోరు రాలేదు.

రాత్రి బరంపురంలో, ట్యూబ్‌లైటు కింద
సూదిమొనతో చేపపిల్ల తల విప్పి
చెవిరాయి తీస్తాను. ఆవగింజలో సగం.
మైక్రోస్కోపులో చూస్తే గీతలోపల గీత,
రోజుకొకటి.
ఏ పురిటిగదీ ఎరగని పిల్ల
తన పుట్టినరోజు తనే రాసిపెట్టుకుంది.
పద్దెనిమిది, పంతొమ్మిది...
ఇరవయ్యో గీత దగ్గర నల్లటి మరక.
ఆ తరవాతవి, పిండి నిండుకుంటున్న ఇంటి ముగ్గులా,
సన్నగా, ఇరుకిరుగ్గా.
వేళ్ళమీద తేదీ వెనక్కి లెక్కేశాను.
రొయ్యలచెరువుల తూములెత్తి
మురుగు పాయలోకి వదిలిన రాత్రి అది.

ఇది చెప్పాలనే మర్నాడు పరుగున పోయాను.
దండాసి విన్నాడు. బీడీ ఆర్పి చెవిలో దోపుకున్నాడు.
"ఇరవై రోజుల పిల్లకి అంత గేపకమా!"
కాసేపాగి, ఫార్మలిన్ సీసాని గడ్డంతో చూపించి,
"గురువులమ్మ పారబోసినియి రాత్తావు,
సెరువులోల్లు సంపినియి రాత్తావు.
నువ్వు ఇందల ఏసినియి
ఏ పేజీల ఉన్నాయమ్మా?"

మూత బిగించిన సీసాలో
రెండువందల పదకొండు.
ఉదయం నేనే లెక్కపెట్టాను,
లేబులు మీద రాశాను, ఊరు, తేదీ, నీటి ఉప్పదనం.

పట్టికలో చివరి గడి పక్కన ఇంకో గీత గీశాను.
పైన ఏం రాయాలో తోచలేదు.
వేలి తడికి ఆ గీత కూడా అలుక్కుపోయింది.

ఇంతలో పోటు తిరిగింది.
దండాసి అప్పటికే నీళ్ళలో దిగి
తన కొస పట్టుకుని
నాకేసి చూస్తున్నాడు.