నీలాపనింద

ఫెజ్ నగరంలో రంగులవాళ్ళ సందు.
మోచేతిదాకా నీలం లేనివాణ్ణి
ఇక్కడ పనిదొంగ అంటారు.

ఆ చలికాలం ఉన్ని షావుకారు డబ్బుపెట్టె మీద
ఒక నీలి బొటనవేలి మరక దొరికింది.
సందులో డెబ్భై బొటనవేళ్ళు.
పెట్టెకి దగ్గర కొట్టు బూష్తాది, అంతే.

మూడేళ్ళు.
జైల్లో నీలిమందు ఎక్కడిది?
చర్మం పొరలు పొరలుగా రాలి,
గోళ్ళు పెరిగి, కత్తిరించి, మళ్ళీ పెరిగి
ఆఖరి నీలం కూడా పోయింది.

నిన్న వచ్చాడు.
తల్లి తామూ గుమ్మంలోనే చేతులు పట్టుకుని
తిప్పి తిప్పి చూసింది.
ఎవరివిరా ఇవి, అంది.
ఉయ్యాల్లో ఉన్నప్పుడు తప్ప
వాటినింత శుభ్రంగా ఆమె చూడలేదు.
సందంతా నీలి వేళ్ళు చాచి చూపించింది,
కడిగిన కొద్దీ తేలిన మచ్చని.

ఇవాళ పొద్దున్నే వచ్చి
అడక్కుండానే నా తొట్టిలో
మోచేతులదాకా ముంచాడు.
"నీళ్ళింకా కాగలేదేం?" అన్నాడు.

నేనేమీ అనలేదు.
కుడి బొటనవేలు పిడికిట్లో దాచుకుని
పొయ్యిలో కట్టె ఎగదోశాను.