రెండో గీత

పేరు చెప్పను.
చెంగల్రాయుడు అనుకోండి.
పుత్తూరు రోడ్డులో తోతాపురి లోడు బోల్తాపడి
రాత్రి ఒంటిగంటా పదికి
చిత్తూరు పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వచ్చినాడు.
మోకాలి కింద ఎముక బయటికి,
ఒళ్లంతా పండ్ల రసం.
రక్తమేదో రసమేదో ఈగలకు తెలియడం లేదు.

ఆపరేషన్‌కు ముందు అడగాలి. అడిగినాను.
"షుగరు, బ్లడ్ గ్రూపు, హెచ్ఐవీ కూడా చూస్తాం, సరేనా?"
"కాలు నిలబెట్టండి సార్, ఏమన్నా చూసుకోండి"
అని ఎడమచెయ్యి చాపినాడు.

వేలెడు పొడవు పట్టీ.
ఒక చుక్క నెత్తురు, రెండు చుక్కల మందునీళ్లు.
పదిహేను నిమిషాలు.
ఆలోగా పాము కరిచిన పిల్లాడొకడొచ్చినాడు,
కరెంటు పోయింది, జనరేటరు దగ్గి దగ్గి లేచింది,
నేను టీ తాగినాను.
మొదటి గీత ఎప్పుడూ వస్తుంది.
అది పట్టీ తాను బాగున్నానని చెప్పుకోవడం.
రెండోది
గోడలో చెమ్మ మాదిరి
నెమ్మదిగా పైకొచ్చింది.

పన్నెండేళ్ల కిందట, ఉద్యోగం కొత్తలో,
ఇట్లాంటి గీతనే చూసి
వార్డు గుమ్మంలో నిలబడి నర్సుకు గట్టిగా చెప్పినాను.
కేస్‌షీటు మీద ఎర్రసిరా.
తెల్లారేసరికి ఆ మంచానికి అటూ ఇటూ ఖాళీ.
నీళ్ల చెంబు కూడా దూరం జరిగింది.
అతన్ని ఎవరూ డిశ్చార్జి చెయ్యలేదు, వెళ్లిపోయినాడు
చీటీ లేకుండా, మందు లేకుండా, ఎక్కడికో.
అప్పట్నుంచి గొంతు తగ్గించుకున్నాను.

తెర లాగి, చెవి దగ్గరగా కూచున్నాను.
"ఇది తొలి కిట్టు మాట, తుదిమాట కాదు.
పొద్దున ఇంకో రెండు కిట్లు చూస్తారు.
నిజమే అయినా మందుంది,
రోజూ వేసుకుంటే బతుకుంది."
నేర్చుకున్న వాక్యాలే.
ఏడుస్తాడనుకున్నాను.
ఎక్కడ, ఎవరి దగ్గర అని వేళ్లు మడుస్తాడనుకున్నాను.
అతను పైకప్పు వైపు చూసి చూసి
"ఆయమ్మ ఉండాదా సార్ బయట?" అన్నాడు.

"ఆటోలో నన్ను ఒళ్లో పెట్టుకోని తెచ్చినామె.
కొంగు చించి కాలికి కట్టింది.
గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసే మనిషంట,
వేళ్ల నిండా కత్తిగాట్లు.
నా నెత్తురంతా ఆ చేతుల్లోకే పోయింది సార్.
నా సంగతి చెప్పినా పర్లేదు.
ముందు ఆయమ్మను చూడండి."

బెంచీ మీద నిద్రపోతోంది కుప్పమ్మ.
ఇదీ అసలు పేరు కాదు.
చేతులు ఒళ్లో వెల్లకిలా:
సొన కాల్చిన మచ్చలు, సగం మానిన గాట్లు,
గోళ్ల సందుల్లో ఆరిపోయిన ఎరుపు.
డాక్టరు షఫియా నిద్రకళ్లతోనే గాట్లు లెక్కపెట్టి
ఆమెకూ ఒక పట్టీ అడిగింది, మాత్రలు రాసింది.
మొదటిది ఇప్పుడే. ఇరవై ఎనిమిది రోజులు.

కుప్పమ్మ అంతా విన్నది. నీళ్లడిగింది. మింగింది.
"ఫ్యాక్టరీలో తెలిస్తే నన్ను కత్తి పట్టనియ్యరు" అనింది.
కాసేపాగి
"ఆ పిల్లోడిని లారీ ఎక్కనియ్యరు" అనింది.
ఇంకాసేపాగి
"కాలు ఉంటుందా వాడికి?"
తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఆరుకు షిఫ్టు మారింది.
రిజిస్టర్లో ఇద్దరికీ రెండు నంబర్లు రాసినాను.
పేర్లు మాత్రం
పచ్చికాయ తొడిమ కొరికినట్టు
పెదవి మీద ఇంకా మండుతున్నాయి.
తుడుచుకోలేదు.