బయట ఒక్కసారి

నాంపల్లి కోర్టు గోడ వారన
నా టైపు మిషనుకి ఇరవై ఏళ్లుగా
'త' సగమే పడుతుంది.
పేజీకి నలభై రూపాయలు.
బాకీలు, విడాకులు, చెక్కు బౌన్సులు,
ఎవరి ఏడుపుకైనా
ఎడమ పక్క మార్జిను వదిలే కొడతాను.

బాలనర్సమ్మ మంగళవారం వచ్చింది.
చేతిలో పేపరు ముక్క, దాని మీద నూనె మరక.
"రాయి ఖాజాబాయ్.
నా పెనిమిటి తాగలే."

అంజిలయ్య మలక్‌పేటలో
మ్యాన్‌హోల్లోకి దిగాడు.
తాడొక్కటే పైకొచ్చింది.
ఢిల్లీలో మన సభ్యుడు లేచి
"తాగి దిగాడు అధ్యక్షా" అన్నాడట.
బల్లలు చరిచారో లేదో
పేపరు ముక్కలో లేదు.

వకీలు జలంధర్‌రావు సగం చదివి
కాగితం నా మిషను మీదే పెట్టాడు.
"నూట అయిదో అధికరణం అమ్మా.
సభలో అన్న మాటను ఏ కోర్టూ అడగలేదు."
"గదే మాట ఈడ, ఛాయ్ బండి కాడ అంటే?"
"అడగొచ్చు."
"నేను ఆయన్నంటే?"
జలంధర్‌రావు కళ్లజోడు తుడుచుకున్నాడు.
చెడ్డవాడు కాదు. ఫీజు కూడా అడగలేదు.
"ఆ గోడ మంచికే కట్టారమ్మా,
సర్కారును నిలదీసిన నోరు
జైలుకు పోకుండా."
"గోడ మంచిదే సారూ.
మరి మా మీదికెందుకు కూలింది?"

ఛాయ్ చల్లారింది.
అప్పుడు ఇంకో కాగితం ఎక్కించమంది.

గౌరవనీయులైన సభ్యులకు,
మీరు ఢిల్లీల అన్న మాట
రేస్‌కోర్సు ఎనక మా గల్లీకొచ్చి
ఆ మూత మీద నిలబడి
ఒక్కసారి అనుండ్రి.
మైకు మేమే పెడతం. కుర్చీ ఏస్తం.
తాగలే అని నేనంట, తాగిండని మీరనుండ్రి.
ఇనేటోళ్లు ఇంటరు.

'తాగలే' దగ్గర 'త' సగమే పడింది.
చదువు రాదన్న మనిషి
సరిగ్గా అక్కడే వేలు పెట్టింది.
పెన్నుతో దిద్దాను.

రిజిస్టరు పోస్టు.
నలభై ఇచ్చింది. తీసుకున్నాను,
ఏం చెయ్యను.

రసీదు కార్డు తిరిగొచ్చింది,
ఎవరిదో సంతకంతో.
సభ ముగిసింది, మళ్లీ మొదలైంది.

మొన్న అటు పోతూ చూశాను.
టెంట్‌హౌస్ కుర్చీ ఒకటి,
రోజుకు పది రూపాయల కిరాయి,
కొత్త సిమెంటు మూత పక్కనే
వానకు తడుస్తోంది.
వాపసు ఇయ్యలేదట.