నది కనిపించే గది

పాలమూరు బస్టాండ్ల లెక్క తేలింది:
నలుగురికి కలిపి పదకొండొందల నలభై.
స్కాలర్‌షిప్ ఇంకా రాలే,
మెస్ బిల్లు రెండు నెలల బాకీ.
అయినా బయల్దేరినం.
శివలీలకు, జరీనాకు జీరో టికెట్,
నాకు, కుర్మయ్యకు నిండు చార్జి.

కొల్లాపూర్ల దిగి ఆటో ఎక్కినం,
కుర్మయ్య సగం బయటికే ఏలాడిండు.
సోమశిల కాడ మూల తిరగంగనే
కృష్ణ ఒక్కపారి ముంగటికొచ్చింది.
మాట్లాడుతున్నదేందో మర్సిపోయినం.

కాటేజీ కౌంటర్ల ఊరికెనే అడిగినం.
నది దిక్కు గది మూడువేల ఐదొందలు,
గోడ దిక్కైతే రెండువేలు.
"అంటే కిటికీ పదిహేనొందలన్నట్టు"
అన్నడు కుర్మయ్య. కౌంటరాయన నవ్వలే.

శ్రీశైలం లాంచి సంగతి అడుగనే లేదు.
చేపల పులుసు రెండు ప్లేట్లు,
ముల్లు సుత చీకినం.
జరీనా సంచిల కెల్లి జొన్నరొట్టెలు చాటుగ తీస్తే
హోటలామె చూసి
ఇంకో గంటెడు పులుసు పోసింది,
"తినున్రి, ఎండిపోయిన రొట్టె గొంతుల దిగదు."

పొద్దుగూకంగ పుట్టి ఎక్కినం, తలా ముప్పై.
నడి నీళ్లల్ల తెడ్డు ఆగినప్పుడు
శివలీల చెయ్యి ముంచి అన్నది:
"మా అవ్వోల్ల చేను గీడనే యాడ్నో ఉంటది.
ఎకరాకు ఎంతిచ్చిన్రని అడిగితే చెప్పకపోతుండె.
మిరప మంచిగ పండేదని మాత్రం అంటుండె."

ఎవ్వలం ఏమనలే.
ఒడ్డు మీద గదులల్ల లైట్లు పడుతున్నయి,
ఒక్కోటి మూడువేల ఐదొందలు.
పుట్టి అంచుకు కూసోని కుర్మయ్య
చిల్లర మల్ల లెక్కవెట్టిండు.
ఆఖరి బస్సుకు
ఇరవై రూపాలు తక్కువున్నయి.