ఇతరములు

మొగులమ్మ మొదట నేల వైపు చూడదు.
"అడుగులు ఎవలకైనా కనవడ్తయి సారూ,
అవి పోయిన దుప్పివి.
మనకు గావాల్సింది ఆగిన దుప్పి."

హరిణ వనస్థలిలో పొద్దున ఐదున్నర.
గోడ అవతల ఆటోనగర్‌లో
అప్పుడే మొదటి సుత్తి దెబ్బ.
నా చేతిలో అట్ట, అట్టకు ఫారం,
ఫారంలో నాలుగు గడులు:
పాదముద్రలు, పెంటికలు, కొమ్ము గీతలు, ఇతరములు.
ఇరవై రెండేళ్ల మొగులమ్మ కొలువంతా
ఆ నాలుగో గడిలోనే ఉంది.

ఏట్రింత పిట్ట తుమ్మ చిటారు కొమ్మ వదిలి
మోకాలెత్తు కొమ్మ మీద కూర్చుంది.
దానికి ఓపికెక్కువ.
కింద పడుకున్నది లేవాలి,
లేస్తే గడ్డిలోంచి పురుగులు లేవాలి.
"అది టిఫిన్ కోసం ఆగింది" అంది మొగులమ్మ,
"మనం దాన్ని చూసుకుంట ఆగుదాం."

సాలెగూళ్లను తలెత్తి కాదు, వంగి చూడమంది.
నడుము పైనవి మంచు ముత్యాలతో నిండుగా ఉన్నాయి,
కిందివి తెగి వేలాడుతున్నాయి.
ఆ తెగిన దారాల వెంట పోతే
మంచు పట్టిన గడ్డి నడుమ
ఎవరో నిద్రతో తుడిచినట్టు
గుడ్డు ఆకారంలో ఒక పొడి జాగా.

జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు
అరచేయి తిప్పి పెట్టింది దాని మీద.
"గడియ గూడ గాలే."

పక్కనే ఇంకోటి, చాటంత.
దాని మీద చేయి పెట్టలేదు,
నన్ను చుట్టు తిరిగి రమ్మంది.

ఇంత చప్పుడు పక్కన ఎట్లా పంటయి, అడిగాను.
"చప్పుడుకు భయం లేదు సారూ,
చప్పుడు మారితే భయం.
మా పెనిమిటి లారీ క్లీనర్.
బండి ఉరుకుతుంటే గుర్రు పెట్టేటోడు,
ఇంజన్ బందైతే దిగ్గున లేచేటోడు."
తర్వాత కాసేపు గోడ రాళ్లను తడిమింది.
నిన్నటి ఎండ ఇంకా కొంచెం
వాటిలో మిగిలి ఉందట. నాకు తెలియలేదు.
హోర్డింగు లైటు పడని మూల మాత్రం
నాకూ తెలిసింది,
అక్కడి గడ్డి నల్లగా, ఒత్తుగా ఉంది.

పన్నెండింటికి ఆమె నీళ్ల తొట్టి నింపడానికి పోయింది.
నేను అటూ ఇటూ చూసి
ఆ పెద్ద పడకలో పడుకున్నాను.
కాళ్లు ముడిచాను, గడ్డం నేలకానించాను.
వెనక గోడ, ముందు తుమ్మ పొద,
పొదలో జానెడు సందు.
సందులోంచి
పొద్దున మేం వచ్చిన బాట మొత్తం కనిపించింది:
నేను చెప్పు దులుపుకున్న రాయి,
పెన్ను పడేసుకుని వెతికిన చోటు,
దగ్గు వచ్చి ఆగిన మలుపు.
మేం జాడ తీస్తున్నామనుకున్నంతసేపూ
ఇక్కడ ఎవరో తీరిగ్గా
మా జాడ చదువుకున్నారు.

విజయవాడ రోడ్డు మీద లారీలు
ఒకే తీరుగా పోతూనే ఉన్నాయి.
నిద్ర మాత్రం పట్టలేదు.
ఫోను తీసి చూశాను, పెట్టాను, తిరిగాను, మళ్లీ తిరిగాను.

సాయంత్రం తిరుగుదారిలో మొగులమ్మ
గోడ మూల దగ్గర ఠక్కున ఆగింది.
కూర్చుని జానలతో కొలిచింది.
"కొత్తది. అయిదు జానలుంది.
ఒంటిగాడు.
పండుకున్నడు గని నిద్రపోలే సారూ,
మస్తు పొర్లిండు.
గీ జాతి గాలికి ఎదురు తిరిగి పంటది,
గాలి ఎటుందో గూడ దానికి తెల్వది."

లేచి నా వెనక్కి వచ్చి
చొక్కా మీది ఉత్తరేణి గింజ ఒకటి పీకి
వేళ్ల మధ్య తిప్పి చూసి
గడ్డిలోకి విసిరింది.
ముఖంలో ఏమీ లేదు.
"రాసుకోండ్రి" అంది.

రాశాను.
ఇతరములు: ఒకటి.