బికారి ఆట

శనివారం ఆడం.
కొండమీదాయన దినం, ముక్కలు ముట్టరాదంటుంది దేశమ్మ.
మిగతా దినాల్లో ఆయనకి
జీవకోనలో మా మిద్దె కనపడదని ఆమె లెక్క.

బుధవారం మాత్రం తప్పదు.
ఖాదర్ బాషా గడియారాల కొట్టు మూసి
కంటికి పెట్టుకునే అద్దం జేబులోనే మరిచిపోయి వస్తాడు.
దేశమ్మ చాప పరిచి హార్లిక్స్ సీసా బోర్లిస్తుంది,
గలగలా చింతపిక్కలు.
మనిషికి నలభై. ఆట అయిపోతే
అన్నీ మళ్ళీ సీసాలోకే. అది కట్టుబాటు.

మామూలు మూడుముక్కలు మాకు సప్పగా ఉంటాయి.
ఖాదర్ బాషా తెచ్చినాడు ఈ ఆటని, మఫ్లిస్ అని.
నోరు తిరక్క దేశమ్మ బికారి అనేసింది.
పెద్ద ముక్క ఓడాల, చిన్న ముక్క గెలవాల.
రాజుని పట్టినోడు నెత్తి కొట్టుకుంటాడు,
జత పడితే నోట్లో మన్ను పడినట్టే.
రెండూ మూడూ ఐదూ, వేరేవేరే రంగుల్లో,
ఒకదానికొకటి ఏమీ కాని ముక్కలు
ఎవడి చేతికొస్తే
వాడే ఆ రాత్రికి జమీందారు.

ఘాట్‌రోడ్డు ఆఖరి ట్రిప్పు దింపి
మునిరత్నం ఎప్పుడూ పదిన్నరకి వస్తాడు,
చొక్కాకి డీజిలు, కర్పూరం,
ఎవరి బిడ్డో కక్కిన పాల వాసనతో.
ఆ బుధవారం ఎనిమిదికే వచ్చేసినాడు.
ఖాకీ చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు.
ఏ వాసనా లేదు.
మలుపులో పిట్టగోడకి బస్సు గీరుకున్న సంగతి
మాకు ముందురోజే తెలుసు.
"ఉప్పుశెనగలు తింటావా" అనింది దేశమ్మ.
అంతకు మించి ఎవరమూ ఏమీ అడగలేదు.

తొమ్మిదో ఆటో పదో ఆటో,
ముక్కలెత్తి చూస్తే
మూడు ఆసులు.

ఇరవై ఏండ్లు కళ్యాణకట్టలో గుండ్లు గీసిన చెయ్యి ఇది,
పసిబిడ్డ మాడు మీద కూడా వణకలేదు.
అప్పుడు వణికింది.
జన్మంతా కాచుకుంటే ఒక్కసారి వచ్చే పేక,
వచ్చి వచ్చి బికారిలో వచ్చింది.

పారేసుంటే పొయ్యేది. పారేయలేదు.
పది పిక్కలు నెట్టినా.
ఖాదర్ బాషా ప్యాక్.
ఇంకో పది. దేశమ్మ నన్ను ఎగాదిగా చూసి ప్యాక్.
మునిరత్నం ముందర ఏడు పిక్కలే మిగిలినాయి.
చొక్కా గుండీ తిప్పుతా ఉండాడు,
స్టీరింగు లేని చేతికి ఏదో ఒకటి తిప్పాల గదా.
దేశమ్మ దగ్గర పదమూడు చేబదులు తీసుకున్నాడు.
ఇంకొక్క గుప్పెడు వేస్తే లేచిపోతాడనుకున్నా.

వేయలేదు.
ఆసుల్ని బోర్లా పెట్టి
కట్ట అడుగున దూర్చేసినా.
ఒక పూటైనా గెలవనీలే అని
లోపల ఒక పెద్దమనిషి మీసం దువ్వుకున్నాడు.

వాడు పకపకా నవ్వి ముక్కలు తిప్పినాడు:
ఇస్పేటు రెండు, ఆటీను మూడు, డైమను ఐదు.

నేను జాలిపడింది ఎవరి మీదబ్బా!

దేశమ్మ చాప దులిపింది.
మునిరత్నం గెలిచిన పిక్కలన్నీ
రెండు గుప్పిళ్ళు చేసి
ఖాకీ జేబులో పోసుకున్నాడు.
సీసా మూత తెరిచే ఉండాది.
కట్టుబాటు సంగతి ఎవరమూ ఎత్తలేదు.
మెట్లు దిగతా ఉంటే
జేబు గలగలమనడం వీధి మలుపు దాకా వినిపించింది.

మళ్ళీ బుధవారం
మనిషికి ఇరవై ఎనిమిదే వచ్చినాయి.
ఆసుల మాట నేను చెప్పలేదు.